సారథి ఆగిన చోటు

ఢిల్లీ మునిర్కాలో ఎండ నేరుగా నేలకు దిగదు. మేడల మధ్య కరెంటు తీగల మీద కాసేపు వాలి, ఆరేసిన బట్టల్లోంచి జారి, పాలట్రేల మీద ఒక ముక్కగా, స్కూటరు సీటు మీద ఒక ముక్కగా పడుతుంది. అలాంటి సందులో, ఫొటోస్టాట్ దుకాణం పైన, రెండు గదుల్లో ఒక గ్రంథాలయం ఉండేది. అందులో పుస్తకాలు తక్కువ, గొంతులు ఎక్కువ. చూపులేని విద్యార్థుల కోసం ఎవరెవరో వచ్చి పాఠ్యపుస్తకాలు పైకి చదివేవాళ్లు. ఆ చదువంతా లినక్స్ మీద నడిచే ఒక కంప్యూటరు యంత్రంలో దాచేవాళ్లు. పిల్లలు పక్క గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్లు.

ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కృష్ణకుమారి.

తెనాలిలో పుట్టింది. పెళ్లయి ఢిల్లీ వచ్చింది. భర్త భీమేశ్వరరావుకు కేంద్రప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం, ఆర్.కె. పురంలో క్వార్టరు. కూతురు హాస్టలుకు వెళ్లిపోయాక పగళ్లు మరీ పొడుగైపోయాయి. తెలుగు ఎం.ఏ. పుస్తకాలు చదివేవాళ్లు కావాలని ఎవరో చెబితే మునిర్కా మెట్లెక్కింది. ఆమె గొంతు గొప్పదేం కాదు, కాస్త బొంగురు కూడా. కానీ ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు. వాక్యం మధ్యలో చిన్న ఊపిరి, చివర పెద్ద ఊపిరి, పేరా మారినప్పుడు గుమ్మం దాటినంత నిశ్శబ్దం. "మీరు ఆగిన చోటే నాకు అర్థమవుతుంది ఆంటీ" అన్నారు పిల్లలు. చిన్నప్పటి నుంచి నిదానస్తురాలని తిట్లు తిన్న మనిషికి ఆ మాట పూలదండలా తోచింది.

యంత్రం సంగతులు మొదట్లో పార్థసారథి చూసేవాడు. హనుమకొండ కుర్రాడు, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రతి శనివారం బస్సులు మారి వచ్చి, యంత్రానికి చేయవలసినవి చేసి, కృష్ణకుమారి పెట్టిన ఉప్మా తిని వెళ్లేవాడు. ఆఫీసు వాళ్లు అతన్ని పుణెకు బదిలీ చేశారు.

"నీ తరవాత దీన్నెవరు చూస్తారయ్యా?" అని అడిగిందామె.

"నువ్వే అక్కా."

"నా మొహం. నాకు మిక్సీ ఆన్ చేయాలన్నా భయం."

"మిక్సీలో వేళ్లు తెగుతయక్కా. ఇండ్ల ఏం తెగయ్. నేను పని చేసుకుంట రికార్డు చేస్త. నువ్వు చూసి అట్లనే చెయ్యి."

లినక్స్‌లో 'స్క్రిప్ట్' అని ఒక చిన్న ఆజ్ఞ ఉంది. పని మొదలుపెట్టే ముందు దాన్ని కొడితే, అక్కణ్ణుంచి తెర మీదికి వచ్చే ప్రతి అక్షరం ఒక ఫైల్లో చేరుతుంది. ఏ అక్షరానికి ముందు ఎంత ఆలస్యమైందో ఇంకో ఫైల్లో చేరుతుంది. రెండూ కలిపి మళ్లీ ఆడిస్తే, నల్లని తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా, అప్పుడెలా వచ్చాయో అలాగే వస్తాయి. తప్పు కొట్టడం, వెనక్కి వచ్చి దిద్దుకోవడం, మళ్లీ కొట్టడం, అన్నీ. చేతులు కనిపించవు. చేతుల నడక కనిపిస్తుంది.

సారథి అలా తన శనివారాలను యంత్రంలో వదిలి పుణె వెళ్లిపోయాడు. కొత్త పాఠకుడికి ఖాతా తెరవడం ఒక రికార్డు. గొంతులను సీడీల్లోకి ఎక్కించడం ఒకటి. కొత్త డిస్కును చేర్చడం ఒకటి. యంత్రానికి సర్వాధికారి అయిన 'రూట్' పేరుతో లోపలికి వెళ్లినప్పుడల్లా ముందు స్క్రిప్ట్ కొట్టి రికార్డు మొదలుపెట్టాలని ఆమెతో మాట తీసుకున్నాడు. కృష్ణకుమారి ఆ మాటను పూజకు ముందు దీపం వెలిగించినట్టు పాటించింది. ఎందుకని అడగలేదు. దీపం ఎందుకని ఎవరడుగుతారు?

కూరగాయలు తరుగుతూ వంట నేర్చుకున్నట్టు, ఆమె ఆ రికార్డులు చూస్తూ యంత్రాన్ని నేర్చుకుంది. సారథి ఎక్కడ తడబడతాడో కూడా తెలిసిపోయింది. ఒక పదాన్ని అతను ప్రతిసారీ తప్పుగా కొట్టి దిద్దుకుంటాడు. అది వచ్చే ముందే ఆమెకు నవ్వొచ్చేది. "ఇదిగో, ఇప్పుడు జారతాడు చూడు" అనేది, పక్కన ఎవరూ లేకపోయినా.

ఒక్కటే విసుగు. అతను మధ్యమధ్య ఆగిపోతాడు. తెర మీద ఏమీ జరగదు. కర్సరు గీత మాత్రం వెలిగి ఆరుతూ ఉంటుంది. అవతల పొయ్యి మీద పప్పు, భర్తకు డబ్బా, బస్సు టైము. ఆడించే ఆజ్ఞ చివర ఒక అంకె చేరిస్తే రికార్డు అన్ని రెట్లు వేగంగా నడుస్తుందని కనిపెట్టాక ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి సారథి చేతులు పరిగెత్తాయి. ఆగిన చోట్లన్నీ రెప్పపాటులో దాటిపోయాయి.

విచిత్రమేమిటంటే, అదే పని ప్రవల్లిక చేస్తే ఆమెకు కోపం వచ్చేది.

ప్రవల్లిక ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. పుట్టుకతో చూపు లేదు. చరిత్రలో ఎం.ఏ. చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం హిందీలో వస్తుంది. హెడ్‌ఫోన్లలో పాఠాన్ని రెండింతల వేగంతో పెట్టుకుని వింటుంది. బయటికి చిలక పలుకుల్లాంటి చప్పుడు వినిపిస్తుంది.

"చలికాలమంతా హీటరు ఆర్పుకుని, శాలువాలు కప్పుకుని చదివారే పాపం. ఆ హీటరు రొద రికార్డులో పడుతుందని వణుక్కుంటూ చదివారు. నువ్వేమో వాళ్లను చిలకల్ని చేస్తావు" అని కసిరేది కృష్ణకుమారి.

"ఆంటీ, సిలబస్ దేఖా హై ఆప్‌నే? మెల్లగా వింటే నేను రిటైరయ్యాక పరీక్ష రాయాలి."

రెండువేల ఏడులో, వేసవి మొదలయ్యే రోజులు. సోమవారం ప్రవల్లికకు ఆధునిక భారత చరిత్ర పరీక్ష. దానికి కావలసిన రెండు పెద్ద సంపుటాలను ఆ చలికాలమంతా పాఠకులు వంతులవారీగా చదివి ముగించారు. ఆ రికార్డింగులు, అరలుగా విడగొట్టిన రెండో డిస్కులో, మూడో అరలో ఉన్నాయి. ఇంకా సీడీల్లోకి ఎక్కలేదు, ఎందుకంటే చివరి అధ్యాయం అయింది మొన్ననే. డిస్కు నిండిపోయింది కాబట్టి, నెహ్రూ ప్లేస్ నుంచి కొత్తది తెప్పించారు. శుక్రవారం ఉదయం మెకానిక్ యంత్రాన్ని ఆపి, కొత్త డిస్కును మూడోదిగా బిగించి వెళ్లాడు.

"కాసేపు ఆగండమ్మా, కొత్త డిస్కును సిద్ధం చేసి పుస్తకాలు తెరుస్తాను" అని పక్క గదికి చెప్పింది కృష్ణకుమారి. యంత్రం లేచాక గొంతులున్న అరలను చేత్తో తెరిస్తేనే తెరుచుకుంటాయి. అది సారథి పెట్టిన పద్ధతి.

కొత్త డిస్కును చేర్చే సారథి రికార్డును ఆమె మరొక్కసారి వేగంగా ఆడించి చూసుకుంది. తరువాత రూట్‌గా వెళ్లింది. స్క్రిప్ట్ కొట్టింది. సారథి కొట్టినట్టే, ఏ డిస్కులో ఏ అరలున్నాయో చెప్పే పట్టికను తెర మీదికి రప్పించింది. వెంటనే, సారథి కొట్టినట్టే, రెండో డిస్కును తెరిచింది. పాత పట్టిక ఏదైనా ఉంటే చెరిపి కొత్తగా మొదలుపెట్టమంది. డిస్కంతా ఒకే అర చేయమంది. రాసెయ్యమంది. యంత్రం రాసేసింది. ఇక కొత్త అరను శుభ్రంగా తుడిచి సిద్ధం చేసే ఆజ్ఞ ఒక్కటి మిగిలింది. అదీ కొట్టింది. ఎంటర్ మీద వేలు పెట్టింది.

"ఆంటీ!" పక్క గది నుంచి ప్రవల్లిక కేక. "లిస్టు అభీ భీ ఖాళీ హై. ఈలోగా ఒక్క చాప్టరైనా ఇవ్వరూ? మండే పేపరుంది నాకు, మీకు కాదు."

"ఇదుగో తెరుస్తున్నా, తొందర పెట్టకు" అంది కృష్ణకుమారి. కొట్టిన ఆజ్ఞను అలాగే వదిలి, ఇంకో తెరకు మారి, చరిత్ర పుస్తకాలున్న మూడో అరను తెరవమంది.

అలాంటిది లేదంది యంత్రం.

మళ్లీ కొట్టింది. లేదంది. తెలుగు పుస్తకాల అరను అడిగింది. తెరిచే విధం తెలియలేదంది. అప్పుడు ఆమెకు వెలిగింది. సారథి రికార్డు చేసిన రోజున యంత్రంలో ఉన్నవి రెండే డిస్కులు. అతనికి కొత్తది రెండోది. ఈరోజు కొత్తది మూడోది. రెండోది గొంతులది.

కింద సందులో పాత సామాన్లు కొనేవాడు "కబాడీ... కబాడీవాలా..." అని అరుచుకుంటూ పోతున్నాడు.

ఆమె ఫోను తీసి పుణెకు కలిపింది. అవతల సారథి ఎత్తాడు.

"అక్కా? ఏందక్కా, ఊకున్నవ్?"

"అయిపోయింది సారథీ. అంతా ఊడ్చేశాను. ఆ పిల్ల పుస్తకం... అందరి గొంతులూ... చేతులారా ఊడ్చేశాను."

"ఆగాగు. ముందుగాల కీబోర్డు మీది నుంచి చేతులు తియ్యి."

"తీశాను."

"ఒళ్లో పెట్టుకో. పెట్టుకున్నవా? ఇగ చెప్పు."

చెప్పింది. ఎక్కడ ఆగిందో కూడా చెప్పింది. ఆ చివరి ఎంటర్ కొట్టలేదని వినగానే అవతల పెద్ద ఊపిరి వినిపించింది.

"ఎందుకు కొట్టలేదక్కా?"

"ప్రవల్లిక పిలిచింది, అందుకని."

"ఆ పిల్లకు నా తరఫున జిలేబీ తినిపియ్యి. విను. నువ్వు గోడలు చెరిపినవ్, సామాను ముట్టలేదు. గొంతులన్నీ ఏడున్నయో ఆడ్నే ఉన్నయ్. ఏ అర ఏ అంకె కాడ మొదలై ఏ అంకె కాడ ఆగుతదో తెలిస్తే గోడలు మళ్ల కడ్తం. ఆ అంకెలు నాకైతే యాదికి లేవు. నీకున్నయా?"

"నాకెలా ఉంటాయయ్యా?"

"రికార్డు పెట్టినవా లేదా?"

"పెట్టకపోతే నువ్వూరుకుంటావా? పెట్టాను."

"అయితే ఆ ఎంటర్ కొట్టని ఆజ్ఞను చెరిపి, రికార్డు మూసి, మళ్ల ఆడించు. మామూలు స్పీడుల. పక్కన అంకె ఏం ఏయకు."

అంకె సంగతి అతనికెలా తెలిసిందో ఆమె అడగలేదు. ఇప్పుడు చూడబోయేది సారథి చేతుల నడక కాదు, తనది. కుర్చీలో నిటారుగా కూర్చుంది. తలుపు దగ్గర ప్రవల్లిక నిలబడి ఉంది, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని. గోడ పట్టుకుంటూ ఎప్పుడు వచ్చిందో తెలియదు. అంతా వినే ఉంటుంది.

తెర మీద అక్షరాలు మొదలయ్యాయి. తన వేళ్లు ఇంత తొందర మనుషులని ఆమెకు తెలియదు. పట్టికను అడిగిన ఆజ్ఞ వచ్చింది. పట్టిక వచ్చింది. మొదటి డిస్కు, దాని అరలు. రెండో డిస్కు కింద మూడు అరలు, వాటి మొదలూ చివరా, అంకెలతో సహా. మూడో డిస్కు కింద, ఇందులో పట్టికేమీ లేదు అన్న ఒక్క మాట. యంత్రం అంతా చెప్పింది. ఇదిగో నిండుది, ఇదిగో ఖాళీది అని పేరు పెట్టి మరీ చెప్పింది. ఆ మాటకూ తన తరువాతి ఆజ్ఞకూ మధ్య ఒక ఊపిరి కూడా లేదు.

"సారథీ" అంది మెల్లగా. "ఉన్నాయయ్యా. అంకెలున్నాయి."

"ఉంటయని నాకెరుకే. నువ్వు నన్ను అచ్చు దింపుడుల మొనగత్తెవు. పట్టిక రప్పియ్యకుండ ఎందుకుంటవ్?"

"రప్పించాను కానీ, చూళ్లేదు. నువ్వు రప్పించావని రప్పించాను. అదేదో మంత్రం అనుకున్నాను. అది వచ్చిన వెంటనే నువ్వు రెండో డిస్కును తెరిచావు కదా..."

"వెంటనే యాడ తెరిచినక్కా?" సారథి నవ్వలేదు, తిట్టలేదు. "ఆడ చానసేపు ఆగిన. ఒక్కొక్క లైను చదువుకుంట ఆగిన. నాకు రోజూ చేసే పనైనా చదివినంకనే కొడ్త."

ప్రవల్లిక గోడకు ఆనుకుని మెల్లగా అంది. "ఆంటీ, ఆప్ భీ? చిలకలా విన్నారా?"

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకే తోవలో ఎదురయ్యాయి. "అవునే తల్లీ. చిలకలాగానే విన్నాను."

తరువాత అంకెలను పుస్తకం చదివినట్టు చదివింది. మొదలు ఇంత. చిన్న ఊపిరి. చివర ఇంత. పెద్ద ఊపిరి. పుణెలో సారథి వాటిని తిరిగి చదివాడు. ఆమె మళ్లీ రూట్‌గా వెళ్లింది, మళ్లీ స్క్రిప్ట్ కొట్టింది. తాను కట్టిన ఒంటి అరను తీసేసి, మూడు అరలను పాత అంకెల దగ్గరే నిలబెట్టింది. ప్రతి ఎంటర్‌కు ముందూ సారథి "చదువు" అన్నాడు. ఆమె చదివింది. "ఇప్పుడు కొట్టు" అన్నాడు. కొట్టింది. యంత్రం రాసేశానంది.

"ఇప్పుడు చరిత్ర అరను తెరువు. చదవడానికి మాత్రమే అని చెప్పి తెరువు. రాయనియ్యకు."

ఆజ్ఞ కొట్టి ఆమె కళ్లు మూసుకుంది. తెర మీద ఏమీ రాలేదు. లినక్స్ యంత్రం పని సవ్యంగా జరిగితే ఏమీ మాట్లాడదు. ఆ మౌనాన్ని నమ్మడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. కళ్లు తెరిచి, లోపల ఏముందో చూపమంది. ఫైళ్ల పేర్లు వరసగా దిగాయి, బడి వదిలిన పిల్లల్లా, ఒకదాన్నొకటి తోసుకుంటూ.

"వచ్చాయి" అంది. "సారథీ, వచ్చాయయ్యా."

"ముందుగాల సీడీలు కొట్టక్కా. కొత్త డిస్కు యాడికి పోదు."

"నీ రుణం..."

"రుణం గిణం ఎందుకక్కా? నేను ఆ నోయిడా బస్సులల్ల ఊగుకుంట వచ్చినప్పుడు నీ ఉప్మా నన్ను నిలబెట్టింది. పుణెల ఉప్మాల చక్కెర ఏస్తరు, ఎరుకేనా నీకు?"

ప్రవల్లిక తన కుర్చీకి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కొంచెంసేపు కదలకుండా విన్నది. "వచ్చింది ఆంటీ! వింటారా?" అంటూ తీగ లాగేసింది. గది నిండా ఎవరో విశ్రాంత మేష్టారి గొంతు పరుచుకుంది. ఏదో సంఘటన జరిగిన సంవత్సరం చెప్పి, దగ్గి, "క్షమించండి" అని, మళ్లీ ఆ సంవత్సరం చెప్పింది. వెనక ఎక్కడో పైవాటా కుక్కర్ కూత వేసింది. ఎవరూ తీసేయని ఆ దగ్గు, ఆ కూత అప్పుడు కృష్ణకుమారికి ఎంతో సొంతంగా అనిపించాయి. పోయినవి తిరిగి వస్తే తప్పులతో సహా వస్తాయి, అలాగే రావాలి.

మామూలు వేగంతోనే వింటోంది ప్రవల్లిక. కృష్ణకుమారి ఆ సంగతి గమనించింది.

సాయంత్రం దాకా సీడీలు ఎక్కించింది. ఒక్కొక్కటీ వెనక్కి ఆడించి చూశాకే కవరులో పెట్టింది. ఎండ తీగల మీది నుంచి లేచి మేడల పైకి వెళ్లిపోయే వేళకు పని ముగిసింది. కొత్త డిస్కు మాత్రం మిగిలింది. దాన్ని ముట్టుకునే ముందు, సారథి రికార్డును పక్కన అంకె వేయకుండా మొదటిసారి ఆడించింది.

అక్షరాలు వచ్చాయి. అతను జారే చోట జారాడు, దిద్దుకున్నాడు. పట్టిక వచ్చింది. ఆగాడు.

గీత వెలిగి ఆరుతోంది. ఆమె ఎదురుచూసింది. ఇంకా ఆగే ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆ శనివారం. రికార్డు చేస్తున్నప్పుడు ఆమె పక్కనే కూర్చుంది. పట్టిక రాగానే సారథి తెర దగ్గరికి ముఖం పెట్టి, వేలితో ఒక్కో గీత కింద పోతూ, పెదాలు కదుపుతున్నాడు. ఇప్పట్లో తెమిలేలా లేదని ఆమె లేచి టీ పెట్టడానికి వెళ్లింది. గ్లాసు తెచ్చి పక్కన పెట్టేసరికి అతని వేళ్లు మళ్లీ కదిలాయి. ఆనాడూ ఆ నిశ్శబ్దంలో ఆమె లేదు. అది మాత్రం ఇక్కడే ఉంది, ఇన్నాళ్లూ, నీళ్లు మరిగేంత, ఆకు దిగేంత, చక్కెర కరిగేంత పొడుగున. చదువుకోమని తన కోసం విడిచిపెట్టిన జాగా.

తెర మీద సారథి వేళ్లు కదిలాయి. కృష్ణకుమారి చేతులెత్తి దండం పెట్టబోయి, సిగ్గుపడి, చెంగుతో తెర మీది దుమ్ము తుడిచింది.

తరువాత రూట్‌గా వెళ్లింది. స్క్రిప్ట్ కొట్టింది. పట్టిక రప్పించింది. చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. పుస్తకం చదివే తన బొంగురు గొంతుతో, ఒక్కో వరుసా పైకి చదవడం మొదలుపెట్టింది. మొదటి డిస్కు, యంత్రానిది. రెండో డిస్కు, గొంతులది, మూడు అరలు. మూడో డిస్కు. ఇందులో పట్టికేమీ లేదు.

పక్క గదిలోంచి ప్రవల్లిక అడిగింది. "ఆంటీ, కిస్‌సే బాత్ కర్ రహీ హో? ఎవరితో?"

"సారథితో."

"ఫోను పెట్టేశాడుగా ఎప్పుడో!"

"పెట్టేశాడు" అంది కృష్ణకుమారి. "నువ్వు చదువుకో. మేమింకా ఆగే ఉన్నాం."